మనుషుల్లో తేడాలున్నాయి, మరి జాతులున్నాయా?

సికిల్ సెల్ జబ్బును అమెరికాలో చాలాకాలం నల్లవాళ్ల జబ్బుగానే చూశారు. నిజానికి దాని సంబంధం చర్మం రంగుతో కాదు, మలేరియాతో. ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వస్తే, మలేరియా ప్రాణాల మీదకు రాకుండా కొంత కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు చేస్తుంది. అందుకే మలేరియా తరతరాలుగా పీడించిన చోట్లలో అది నిలిచిపోయింది: పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో, అరేబియాలో, భారతదేశంలోని అనేక గిరిజన సమూహాల్లో, గ్రీసులోని ఆర్ఖొమెనోస్ ప్రాంతంలో కూడా. ఆఫ్రికా దక్షిణాన ఉండే షోసా ప్రజల్లో మాత్రం చాలా అరుదు. జబ్బు పటాన్నీ రంగు పటాన్నీ పక్కపక్కన పెడితే రెండూ కలవవు.

రంగు సంగతీ అంతే. ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో నల్లటి చర్మం మేలు చేసింది, ఎండ తక్కువున్న చోట తెల్లటి చర్మం విటమిన్ డి తయారీకి పనికొచ్చింది. సోలమన్ దీవుల వాళ్లు చూడటానికి ఆఫ్రికా వాళ్లలా ఉంటారు, జన్యుపరంగా మాత్రం తూర్పు ఆసియా వాళ్లకే ఎక్కువ దగ్గర. 1795లో జర్మన్ శాస్త్రవేత్త బ్లూమెన్‌బాఖ్ మనుషుల్ని ఐదు రకాలుగా విడగొట్టాడు. ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో స్పష్టంగా తెలియదని ఆయనే ఒప్పుకున్నాడు. తర్వాతి తరాల వాళ్లు రకాలను పట్టుకున్నారు, ఆ ఒప్పుకోలును వదిలేశారు.

ఇక అసలు వాదన. 1972లో అమెరికా జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ రక్తం గ్రూపులు, ప్రొటీన్ల ఆధారంగా లెక్క కట్టి, మనుషుల్లోని జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే సమూహం లోపలే ఉందని చూపించాడు. జాతుల మధ్య తేడాగా లెక్క తేలింది 6 శాతం చిల్లర. కాబట్టి ఈ విభజనకు అర్థం లేదన్నాడు. 2003లో బ్రిటిష్ గణాంక, జన్యు శాస్త్రవేత్త ఎ.డబ్ల్యు.ఎఫ్. ఎడ్వర్డ్స్ దీన్ని తప్పుపట్టాడు: ఒక్కో జన్యువును విడిగా చూస్తే ఏమీ తేలకపోవచ్చు, వందల జన్యువులను కలిపి చూస్తే మాత్రం ఒక మనిషి పూర్వీకులు ఏ ఖండం వాళ్లో చెప్పొచ్చు కదా అని.

నా దృష్టిలో లెవాంటిన్ అంకె సరైనదే, ఎడ్వర్డ్స్ గణితమూ సరైనదే. కానీ పూర్వీకుల ఊరు కనిపెట్టగలగడం వేరు, ఆ గుంపు పేరు చెప్పి మనిషి తెలివినో స్వభావాన్నో చెప్పబోవడం వేరు. మొదటిది రెండోదానికి రుజువు కానే కాదు. పైగా గుంపులు ఎన్నో నిర్ణయించేది మనమే. 2002లో 52 సమూహాలకు చెందిన వెయ్యి మందికి పైగా మనుషుల జన్యువులను కంప్యూటర్‌తో విశ్లేషించారు. ఐదు గుంపులు చేయమంటే దాదాపు ఖండాల వారీగా విడిపోయాయి. ఆరు చేయమంటే, ఆరో గుంపుగా బయటపడింది ఉత్తర పాకిస్తాన్ కొండల్లో కొన్ని వేలమందే ఉన్న కలాష్ ప్రజలు! మరి వాళ్లను ఆరో మహాజాతి అందామా?

సంస్కృతి రక్తంలో ఉంటుందనే మాట ఇంకా మొండిది. నాకు తెలిసి చరిత్ర చాలాసార్లు దానికి ఎదురు నడిచింది. పాలనే చూడండి. పెద్దయ్యాక పాలలోని చక్కెరను అరిగించుకోలేకపోవడమే క్షీరదాల్లో మామూలు. పశువుల్ని పెంచి పాలు తాగడం మొదలైన చోట, దాన్ని అరిగించుకోగల జన్యుమార్పు వేల ఏళ్లలో బాగా వ్యాపించింది. యూరప్‌లో, ఉత్తర భారతంలో ఒకే మార్పు కనిపిస్తుంది. తూర్పు ఆఫ్రికా పశుపాలకుల్లో వేరే మార్పులు విడిగా పుట్టాయి. అలవాటు ముందు వచ్చింది, జన్యువు దాని వెనక నడిచింది.

శరీరం మారడానికి జన్యువులు మారనక్కర్లేదు కూడా. 1896లో పుట్టిన దక్షిణ కొరియా మహిళలతో పోలిస్తే 1996లో పుట్టినవాళ్ల సగటు ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు ఎక్కువ. వందేళ్లలో మారింది తిండి, వైద్యం, బతుకు.

ఇది పండితుల మధ్య గొడవే అనుకుంటే పొరపాటు. కిడ్నీల పనితీరు అంచనా వేయడానికి అమెరికాలో వాడిన 2009 నాటి సూత్రం, రోగి నల్లవాడైతే ఫలితాన్ని సుమారు 16 శాతం పెంచి చూపించేది. కిడ్నీ పాడవుతున్నా కాగితం మీద బాగానే ఉన్నట్టు కనిపించి, మార్పిడి కోసం వేచి చూసే జాబితాలో పేరు ఆలస్యంగా చేరేది. జాతి ప్రస్తావన లేని కొత్త సూత్రం 2021లో వచ్చింది. 2023 నుంచి, అలా నష్టపోయిన నల్లజాతి రోగులకు పోయిన కాలాన్ని తిరిగి జాబితాలో కలుపుతున్నారు.