ద్రాక్ష తొక్కకు మధుమేహంతో చుట్టరికం ఎలా కలిసింది?

రెడ్ వైన్ చక్కెర వ్యాధికి మేలు చేస్తుందన్న మాటకు మూలం మధుమేహ పరిశోధనలో లేదు, గుండె జబ్బుల లెక్కల్లో ఉంది. ఫ్రెంచివారు వెన్న, జున్ను దండిగా తింటారు. అయినా వారిలో గుండెపోటు మరణాలు తక్కువ. దీనికి కారణం రెడ్ వైన్ కావచ్చని 1991లో అమెరికా టీవీ కార్యక్రమం ‘60 మినిట్స్’ చెప్పగానే అక్కడ దాని అమ్మకాలు ఎగబాకాయి. మరుసటి ఏడాది ఫ్రెంచి పరిశోధకులు సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ వైద్య పత్రిక ‘లాన్సెట్’లో ఇదే వాదన వినిపించారు. తమాషా ఏమిటంటే, వారు ముఖ్యంగా చెప్పింది ఆల్కహాల్ గురించి, అది రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు గుమిగూడకుండా చూస్తుందని. ద్రాక్ష తొక్కలో, గింజల్లో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలకు ఆ ఘనత తరవాత బదిలీ అయింది.

ఆ బదిలీకి దారి చూపింది వాటిలో ఒకటైన రెస్వెరట్రాల్. దీన్ని 1939లోనే జపాన్ శాస్త్రవేత్త మిచియో టకావోకా వేరే మొక్కలో కనుక్కున్నారు. 1976లో ద్రాక్ష ఆకుల్లో, 1992లో వైన్‌లో బయటపడింది. బూజు సోకినప్పుడు తీగ తనను కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థమిది. పండులో ఎక్కువగా తొక్కలోనే ఉంటుంది. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కనుక అందులోకి దిగుతుంది. వైట్ వైన్‌కు మాత్రం సాధారణంగా తొక్క తీసేసిన రసాన్నే వాడతారు.

మధుమేహం కథలోకి గట్టిగా వచ్చింది 2006లో. కొవ్వు మేతతో లావెక్కిన ఎలుకలకు రెస్వెరట్రాల్ ఇస్తే, బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది, ఆయువూ పెరిగింది. వార్తలు వైన్ గ్లాసు బొమ్మతో వచ్చాయి. మోతాదు సంగతి ఎవరికి పట్టింది? కిలో బరువుకు రోజుకు సుమారు 22 మిల్లీగ్రాములు. లీటరు రెడ్ వైన్‌లో ఉండేది మహా అయితే కొద్ది మిల్లీగ్రాములు. బరువును బట్టి నేరుగా లెక్కకడితే, 70 కిలోల మనిషి రోజూ వందల లీటర్లు తాగాలి!

గ్లాసుతో కానిది మాత్రతో సాధిద్దామనుకున్నారు. ఈ దారిలో పనిచేస్తున్న సర్‌ట్రిస్ కంపెనీని 2008లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ 72 కోట్ల డాలర్లకు కొన్నది. 2010లో రెస్వెరట్రాల్ మందుపై క్యాన్సర్ రోగుల్లో జరుగుతున్న పరీక్షలో కొందరికి మూత్రపిండాలు దెబ్బతినడంతో ఆ మందును పక్కన పెట్టింది. నెదర్లాండ్స్‌లో 11 మంది స్థూలకాయులపై 2011లో వెలువడిన ఫలితాలు ఆశ కలిగించాయి. డెన్మార్క్‌లో దానికి పదింతల మోతాదు ఇచ్చినా ఇన్సులిన్ పనితీరు మారలేదు. ఇటలీలో మధుమేహులు ఆరు నెలలు వాడినా చక్కెర తగ్గలేదు.

అయితే పాలీఫినాల్స్ అంటే రెస్వెరట్రాల్ ఒక్కటే కాదు. తొక్కకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు, గింజల్లోని ప్రోయాంథోసయనిడిన్లు ద్రాక్షలో అంతకన్నా ఎంతో ఎక్కువ. బార్సిలోనా పరిశోధకులు 2013లో ప్రకటించిన పరీక్ష నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోస్తుంది. గుండె జబ్బు ముప్పు ఉన్న 67 మంది పురుషులకు రెడ్ వైన్, ఆల్కహాల్ తీసేసిన రెడ్ వైన్, జిన్ ఒక్కోటీ నాలుగేసి వారాలు ఇచ్చారు. ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం, రెండు రకాల వైన్‌తోనూ తగ్గింది, ఆల్కహాల్ ఉన్నా ద్రాక్ష పాలీఫినాల్స్ లేని జిన్‌తో తగ్గలేదు. తొక్కకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. కానీ 2015లో ఇజ్రాయెల్‌లో 224 మంది మధుమేహులపై రెండేళ్లు సాగిన పరీక్ష లెక్క తారుమారు చేసింది: పరగడుపు చక్కెరను తగ్గించింది పాలీఫినాల్స్ తక్కువగా ఉండే వైట్ వైన్! ఆల్కహాల్‌ను నెమ్మదిగా విరిచే జన్యువు ఉన్నవారికే చక్కెర విషయంలో మేలు కనిపించింది.

ఇన్సులిన్ గానీ, ఒంట్లో ఇన్సులిన్ విడుదలను పెంచే సల్ఫోనిల్‌యూరియా మందులు గానీ వాడేవారికి మద్యం మరో చిక్కు తెస్తుంది. కాలేయం కొత్త గ్లూకోజు తయారుచేయకుండా అడ్డుపడి చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. ఏ మోతాదు మద్యమూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

ఇక పండు మాటకొస్తే, అమెరికాలో 1,87,000 మందికి పైగా ఆరోగ్య సిబ్బందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2013లో వచ్చింది. వారానికి మూడుసార్లు ద్రాక్ష లేదా ఎండుద్రాక్ష తినేవారిలో టైప్ 2 మధుమేహం ముప్పు 12 శాతం తక్కువగా కనిపించింది. పళ్లరసాలు అంతే తరచుగా తాగేవారిలో 8 శాతం ఎక్కువ.