పెంకు పురుగుల వర్గీకరణ: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మృగశిర కార్తెలో తొలి వాన పడిన రాత్రి నుంచే నా ఫోన్‌కు పురుగుల ఫొటోలు రావడం మొదలవుతుంది. వీధి దీపం కింద, వంటింటి గోడ మీద, వంగ మడిలో, పప్పుల డబ్బాలో తీసిన ఆ ఫొటోలన్నిటి కిందా ఒకటే ప్రశ్న ఉంటుంది: "సార్, ఇదేం పురుగు? ప్రమాదమా?" హైదరాబాద్‌లో 20 ఏళ్లుగా పెంకు పురుగుల (బీటిల్స్) వర్గీకరణ మీద, వాటి పరిణామం మీద పనిచేస్తున్నాను కనుక నన్ను అడగడం సహజమే. అడిగేవారి మీద నాకు ఏ విసుగూ లేదు. వారు అడిగేలోపే ఎవరో ఆ ఫొటోకు తోచిన పేరు తగిలించి, దానికో భయం జోడించి, పది వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేస్తున్నారే, విసుగల్లా వారి మీదే.

అపోహ: రంగూ చుక్కలూ చూస్తే పేరు చెప్పేయవచ్చు

జేబుకు చిల్లు పెట్టే అపోహ ఇదే కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఇప్పటివరకు శాస్త్రీయంగా పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులు దాదాపు 4 లక్షలు. పేరున్న జంతుజాతులన్నిటిలో ఇవే సుమారు నాలుగో వంతు. ఇన్ని జాతుల్లో ఎరుపు మీద నల్లచుక్కలనే ఏర్పాటు ఏ ఒక్కదాని సొత్తూ కాదు.

మూడేళ్ల కిందట చేవెళ్ల వైపు నుంచి ఒక కూరగాయల రైతు రెండు సీసాలు పట్టుకొని వచ్చారు. వంగ మీద, పక్క మడిలోని చిక్కుడు మీద కూడా అక్షింతల పురుగులు కనిపించాయట. మందుల దుకాణంలో ఫొటో చూపిస్తే "ఇది ఆకులు తినేసే పురుగు" అని చెప్పి మందు చేతిలో పెట్టారట. రెండు మడులకూ కొట్టారు. పది రోజులు తిరిగేసరికి చిక్కుడు తీగలన్నీ రసం పీల్చే పేనుబంక పురుగులతో నల్లబడిపోయాయి. "మందు కొట్టాక ఎక్కువైంది సార్, మందే కల్తీదా?" అని అడిగారు.

మందు కల్తీది కాదు. ఆయన చేతికి భూతద్దం ఇచ్చి రెండు సీసాలూ పక్కపక్కన పెట్టాను. వంగ మీది పురుగు ఇటుక రంగులో, నూగుతో కప్పి, మఖమల్ గుడ్డలా కాంతి లేకుండా ఉంది; దాని పిల్ల పురుగు పసుపు పచ్చగా, ఒళ్లంతా కొమ్మలు కట్టిన ముళ్లతో ఉండి, ఆకులోని పచ్చదనాన్ని గీకి తిని జల్లెడలా ఈనెలను మిగులుస్తుంది. చిక్కుడు మీది పురుగు నూనె రాసినట్లు నున్నగా మెరుస్తోంది. దాని పిల్ల పురుగు నల్లగా, పొడుగ్గా, మొసలి పిల్లలా ఉండి పేనుబంకను వెతుక్కుంటూ పరుగులు పెడుతుంది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవే. వేటాడే పురుగుల వంశంలోనే ఒక శాఖ ఆకులు తినడానికి అలవాటు పడింది. ఆ రైతు డబ్బు పెట్టి చంపించింది తన చేనుకు కాపలా కాస్తున్నవాటిని. చుక్కలు లెక్కపెట్టినా ప్రయోజనం ఉండేది కాదు: 1775లో ఫాబ్రీషియస్ అనే కీటక శాస్త్రవేత్త వంగ పురుగుకు 28 చుక్కలని అర్థం వచ్చే పేరే పెట్టాడు కానీ, అంతకంటే తక్కువ చుక్కలున్నవి కూడా మన చేలలో దొరుకుతాయి.

ఆ రైతును తప్పుపట్టే అర్హత నాకు లేదు. పరిశోధనలో చేరిన తొలి ఏడాది రాజేంద్రనగర్‌లో ఒక వేప చెట్టు మీద, తొలి వాన తర్వాతి రాత్రి, వేరు పురుగు తాలూకు గోధుమ రంగు పెంకు పురుగులను నలభై దాకా పట్టాను. అన్నిటికీ హోలోట్రైకియా సెర్రేటా అని ఒకటే చీటీ రాశాను. కాస్త చిన్నవి కనిపిస్తే, పిల్ల పురుగుగా ఉన్నప్పుడు తిండి చాలక ఎదగనివి అనుకున్నాను. మా గురువుగారు చీటీ చదివి, "లోపల చూశావా?" అని మాత్రం అడిగారు. మగ పురుగులను వేడినీటిలో మెత్తబరచి, పొట్ట చివర నుంచి జననాంగాన్ని సూదితో బయటికి తీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కండ కరిగేదాకా ఉంచి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే, చిన్నవాటిలో ఆ పటకారులాంటి భాగం ఆకారమే వేరుగా ఉంది. అవి రేనాడీ అనే వేరే జాతి. ఒకే చెట్టు, ఒకే రాత్రి, ఒకే రంగు, రెండు జాతులు. ఆ నలభై చీటీలనూ తిరిగి నా చేతనే రాయించారు.

పేరు తప్పితే ఎంత నష్టమో సాల్వీనియా కలుపు కథ చెబుతుంది. మన చెరువుల్లో గుర్రపుడెక్కలా నీటిని కప్పేసే ఈ మొక్కను చాలాకాలం మరో జాతిగా పొరబడ్డారు. ఆ మరో జాతి మీద దొరికిన సిర్టోబేగస్ సింగ్యులారిస్ అనే ముక్కు పురుగును (ఇదీ పెంకు పురుగే) కలుపును తినేస్తుందని ఆఫ్రికాలో వదిలితే ఫలితం రాలేదు. 1972లో కలుపుకు సరైన గుర్తింపు దొరికింది, 1978లో ఆగ్నేయ బ్రెజిల్‌లో దాని సొంత ప్రాంతం తెలిసింది, అక్కడి ముక్కు పురుగును 1980లో ఆస్ట్రేలియాలోని మూండారా జలాశయంలో వదిలితే కలుపు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ పురుగును కూడా మొదట సింగ్యులారిస్ అనే అనుకున్నారు. అది కొత్త జాతి అని తేల్చి సాల్వీనియే అని పేరు పెట్టింది 1985లో. తర్వాత కేరళ కాలువలను బాగుచేసిందీ ఈ పురుగే. పైపైన చూస్తే రెండింటికీ తేడా చెప్పడం కష్టం.

అపోహ: యాసిడ్ ఈగ కుడితే మాంసం తినేస్తుంది

అది ఈగ కాదు, కుట్టదు, కరవదు. ఎరుపు నలుపు పట్టీలతో చీమలా కనిపించే పీడెరస్ అనే పెంకు పురుగు. ముందు రెక్కల పెంకులు పొట్టివి కావడంతో పొట్ట బయటికి కనిపిస్తుంది. దాన్ని చర్మం మీద నలిపితేనే లోపలి పీడెరిన్ అనే విషం అంటుకుని, ఒకటి రెండు రోజుల్లో మంట, బొబ్బలు వస్తాయి. ఆ విషాన్ని తయారు చేసేది పురుగు ఒంట్లో ఉండే బ్యాక్టీరియా. పిల్లల చెంప మీద ఎర్రటి చార చూసి తల్లి కంగారుపడితే ఆ కంగారు నాకు అర్థమవుతుంది. సబ్బుతో కడిగి, చర్మ వైద్యులకు చూపించండి, కంటి దగ్గరైతే ఆలస్యం చేయకండి. పురుగు వాలితే నలపకుండా ఊదేయడమో, కాగితంతో తోసేయడమో చేయాలి. "మాంసం తినే పురుగు నగరంలోకి వచ్చింది" అని ఆడియో పంపేవారికి మాత్రం నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

అపోహ: ఆరుద్ర పురుగు కూడా పెంకు పురుగే

కాదు. ఎనిమిది కాళ్లున్నాయి, లెక్కపెట్టండి. అది సాలీళ్ల బంధువు. మిణుగురు మాత్రం నిఖార్సయిన పెంకు పురుగు.

అపోహ: శాస్త్రవేత్తలు ఊరికే పేర్లు మార్చి విద్యార్థులను ఏడిపిస్తారు

పెసలను, కందులను పుచ్చిపోయేలా చేసే పురుగు బ్రూకిడే కుటుంబమని ఒక పుస్తకంలో, క్రైసోమెలిడే కుటుంబమని మరో పుస్తకంలో చదివి, పోటీ పరీక్షలో ఏది రాయాలో తెలియక ఆందోళనపడే పిల్లలు ఏటా ఫోన్ చేస్తారు. వారి బాధ న్యాయమైనదే. ఈ పప్పు పురుగులు ఆకు పురుగుల వంశం లోపలి నుంచే పుట్టాయని తేలింది. తండ్రిని ఒక ఇంటి పేరుతో, కొడుకును మరో ఇంటి పేరుతో పిలవలేం కనుక వాటిని ఆకు పురుగుల్లో ఉపకుటుంబంగా చేర్చారు. పరీక్షకు మీ సిలబస్ పుస్తకం చెప్పింది రాయండి.

అపోహ: పువ్వులు పుట్టాకే పెంకు పురుగులు పెరిగాయి

పూల మొక్కలు కొన్ని శాఖలకు బాగా కలిసొచ్చిన మాట నిజం. కానీ పెంకు పురుగుల శిలాజాలు సుమారు 29 కోట్ల ఏళ్ల నాటివి ఉన్నాయి. అప్పటికి డైనోసార్లు కూడా లేవు. నేటి శాఖల్లో చాలావాటి మూలాలు పూల మొక్కలు విస్తరించడానికి ముందువేనని 2007లో వచ్చిన పెద్ద డీఎన్ఏ అధ్యయనం చూపింది. మొక్కల కణ గోడలను కరిగించే జన్యువులను కొన్ని శాఖలు బ్యాక్టీరియా, శిలీంధ్రాల నుంచి అందుకున్నాయని 2019లో తెలిసింది.

డీఎన్ఏతోనే అంతా తేలిపోతుందన్న మాట కూడా వింటుంటాను. పోల్చిచూసే పాత నమూనాకు ఎవరో తప్పు పేరు పెట్టి ఉంటే యంత్రం ఆ తప్పునే తిరిగి చెబుతుంది.

కాబట్టి నాకు ఫొటో కాదు, పురుగు పంపండి. నాలుగైదు ఉంటే మంచిది, మగవి దొరికే వీలుంటుంది. చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి. ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికిందో కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే పెట్టండి. పెన్నుతో రాస్తే స్పిరిట్‌లో సిరా కరిగిపోయి, పురుగు నా చేతికి వస్తుంది కానీ అది ఏ ఊరిదో తెలియదు.