శనివారం పొద్దున సూపర్‌హీరో కార్టూన్లు: అపోహలు - వాస్తవాలు

టూడీ యానిమేషన్ మీద బతుకుతున్నవాణ్ని కాబట్టి, అమెరికా పాత సూపర్‌హీరో కార్టూన్ల క్లిప్ ఎవరికి దొరికినా నాకే ఫార్వర్డ్ చేస్తారు. కింద ఒకటే మాట: "ఇదేం యానిమేషన్ అన్నా, మనిషి కదలడు, నోరొక్కటే కదులుతుంది." నవ్వుకోండి, తప్పేం లేదు, నేనూ నవ్వుతాను. కానీ ఆ నవ్వుతో పాటు చెప్పే కారణాలున్నాయి చూశారూ, వాటిలో సగం తప్పు. నాకు తరచూ వినిపించేవి కొన్ని ఇక్కడ పెడుతున్నా.

అపోహ: హెర్క్యులాయిడ్స్, స్పేస్ ఘోస్ట్, బర్డ్‌మ్యాన్ అన్నీ 90ల కార్టూన్లు

మన దగ్గర ఇలా అనుకోవడం సహజమే. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ ఇండియాకి వచ్చినప్పుడు దాని చేతిలో ఉన్నది ఎక్కువగా హానా-బార్బెరా అనే అమెరికా స్టూడియో పాత లైబ్రరీనే. కేబుల్ కనెక్షన్ ఉన్న ఇంట్లో, పక్కింట్లో, ఎక్కడ దొరికితే అక్కడ కూర్చుని మనం చూసింది అదే. అసలైతే స్పేస్ ఘోస్ట్ 1966 సెప్టెంబర్‌లో సీబీఎస్ అనే అమెరికా టీవీ నెట్‌వర్క్‌లో మొదలైంది, మిగతా రెండూ 1967వి.

ఆ 1966 సెప్టెంబరే ఈ కథలో పెద్ద మలుపు. అంతకుముందు శనివారం పొద్దుటి టైమ్‌ని నెట్‌వర్కులు పెద్దగా పట్టించుకునేవి కావు, పాత షోల రిపీట్లూ ఎప్పుడో థియేటర్లలో ఆడిన కార్టూన్లూ వేసి సరిపెట్టేవి. సీబీఎస్‌లో పగటి కార్యక్రమాలు చూసుకునే ఫ్రెడ్ సిల్వర్‌మన్ ఆ స్లాటంతా కొత్త సూపర్‌హీరోలతో నింపేశాడు: ఫిల్మేషన్ స్టూడియో వాళ్ల సూపర్‌మ్యాన్, హానా-బార్బెరా వాళ్ల స్పేస్ ఘోస్ట్, ఫ్రాంకెన్‌స్టైన్ జూనియర్. ఆ ఏడాది జనవరిలోనే ఏబీసీ నెట్‌వర్క్‌లో ఆడమ్ వెస్ట్ నటించిన బ్యాట్‌మ్యాన్ సీరియల్ మొదలై దేశమంతా పిచ్చెక్కించింది కాబట్టి గాలి కూడా అటే వీస్తోంది. మరుసటి ఏడాదికి మిగతా నెట్‌వర్కులూ అదే దారి పట్టాయి.

అపోహ: బొమ్మలు వేయడం రానివాళ్లు తీశారు

ఇది వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ముందు లెక్క చూడండి. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు. ఆరు నిమిషాల సూపర్‌మ్యాన్ కథ అంటే 8,640 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేముల పాటు ఉంచినా (మా భాషలో ట్వోస్) ఒక్క క్యారెక్టర్‌కే 4,320 డ్రాయింగులు, షాట్‌లో ఇద్దరుంటే దానికి రెట్టింపు. ప్రతి బొమ్మా పెన్సిల్‌తో వేయాలి, క్లీనప్ చేయాలి (అంటే గీతలు శుభ్రంగా తిరిగి గీయాలి), సెల్ అనే పారదర్శకమైన షీట్ మీదకి ఎక్కించాలి, వెనకవైపు రంగు నింపాలి, ఆ తర్వాత కెమెరా కింద పెట్టి ఒక్కో ఫ్రేమే షూట్ చేయాలి. నెట్‌వర్క్ ఆర్డర్ ఇచ్చేది మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, టెలికాస్ట్ సెప్టెంబర్‌లో. ఆ డబ్బులకి, ఆ టైమ్‌లో, డిస్నీ లాంటి కదలిక అడిగితే ఎవడిస్తాడు?

పనిచేసిన వాళ్లేమో కొత్తవాళ్లు కాదు. 1957లో ఎంజీఎం తన కార్టూన్ స్టూడియో మూసేస్తే, అక్కడ టామ్ అండ్ జెర్రీ తీసిన విలియం హానా, జోసెఫ్ బార్బెరా టీవీ వైపు వచ్చారు. ఫిల్మేషన్‌లో డైరెక్టర్ హాల్ సదర్లాండ్ డిస్నీలో పనిచేసి వచ్చినవాడు. వీళ్లకి ఫుల్ యానిమేషన్ (అన్నీ సాఫీగా కదిలేది) చేతకాక కాదు, బడ్జెట్‌కి తగ్గట్టు ఎక్కడ కదపాలి, ఎక్కడ ఆపాలి అన్నది కూర్చుని ఆలోచించారు.

సూపర్‌మ్యాన్ ఎగిరే షాట్ ఏదైనా పెట్టుకుని ఫ్రేమ్ బై ఫ్రేమ్ నడిపి చూడండి. ఒళ్లంతా ఒకటే సెల్, అసలు కదలదు. కేప్ వేరే సెల్ మీద ఉంటుంది, కొద్దిపాటి డ్రాయింగులే తిరిగి తిరిగి వస్తుంటాయి. వెనకాల మేఘాల బ్యాక్‌గ్రౌండ్ పొడుగ్గా వేసి పెట్టుకుని కెమెరా కింద కొంచెం కొంచెంగా పక్కకి జరుపుతారు. అంతే, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగిన బొమ్మలతో షాట్ అయిపోయింది, పైగా ఇంటి దగ్గర చూసే పిల్లాడికి హీరో గాల్లో దూసుకుపోతున్నట్టే ఉంటుంది. అదే షాట్‌ని వచ్చే వారం వేరే బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టుకోవచ్చు. క్లార్క్ కెంట్ బట్టలు మార్చుకునే షాట్ కూడా ఇలాగే స్టాక్‌లో ఉండేది.

ఇక డిజైన్. స్పేస్ ఘోస్ట్‌ని, హెర్క్యులాయిడ్స్‌ని గీసిన అలెక్స్ టోత్ కామిక్స్ నుంచి వచ్చినవాడు, మా ఫీల్డ్‌లో ఆయన మోడల్ షీట్లు (క్యారెక్టర్ ఎలా ఉండాలో చూపించే నమూనా బొమ్మలు) ఇప్పటికీ ముందు పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తారు. స్పేస్ ఘోస్ట్ ముసుగులో కళ్లకి పాపలు ఉండవు, వట్టి తెల్ల గీతల్లాంటి ఆకారాలే. అంటే కళ్లు అటూ ఇటూ తిప్పే పనే లేదు. ఒంటి మీద డ్రెస్ తెల్లగా సాఫీగా ఉంటుంది, మడతలు లేవు, నగిషీలు లేవు, కాబట్టి పదిమంది చేతులు మారినా బొమ్మ చెడదు. నిలబడిన భంగిమలోనే బలం కనిపించేలా గీశాడు గనక కదలకపోయినా తేడా తెలియలేదు. కొత్తగా చేరిన పిల్లలకి నేను ముందు ఇవే చూపిస్తాను. రిగ్ (కంప్యూటర్‌లో బొమ్మని కదపడానికి పెట్టే కీళ్ల అమరిక) ఉంది కదా అని అన్నీ ఊపేస్తుంటారు వాళ్లు.

అపోహ: స్పైడర్‌మ్యాన్‌లో ఒకే షాట్ పదిసార్లు రావడం వట్టి బద్ధకం

ఇద్దరు స్పైడర్‌మ్యాన్లు ఒకరినొకరు వేలెత్తి చూపించుకునే మీమ్ మన తెలుగు పేజీల్లో కూడా వారానికోసారైనా కనిపిస్తుంది. అది 1967లో ఏబీసీలో వచ్చిన సిరీస్ మొదటి సీజన్‌లోది, "డబుల్ ఐడెంటిటీ" ఎపిసోడ్. అందులో డ్రెస్‌ని జాగ్రత్తగా చూడండి: సాలెగూడు గీతలు తల మీద, చేతుల మీద, బూట్ల మీద ఉన్నాయి, ఛాతీ మీద లేవు. కామిక్‌లో ఉన్నాయి కదా, ఎందుకు తీసేశారు? ఒక్కో డ్రాయింగ్‌లో ఒళ్లంతా గూడు అల్లాలంటే ఇన్‌బిట్వీనర్ (ముఖ్యమైన బొమ్మల మధ్యలో బొమ్మలు వేసేవాడు) చచ్చిపోతాడు. పైగా ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ గీత కాస్త అటూ ఇటూ అయితే తెర మీద ఒళ్లంతా జలజలమని పాకుతున్నట్టు కనిపిస్తుంది. మేము దాన్ని లైన్ బాయిల్ అంటాం. తీసేయడమే సరైన పని.

రిపీట్ల సంగతికొస్తే, మొదటి సీజన్ తీసిన గ్రాన్‌ట్రే-లారెన్స్ కంపెనీ దివాలా తీసింది. ఆ తర్వాత క్రాంట్జ్ ఫిల్మ్స్ చేతికి వచ్చింది, బాధ్యత రాల్ఫ్ బక్షీ మీద పడింది, బడ్జెట్ ఇంకా తగ్గిపోయింది. అందుకే ఎగిరేటప్పుడు తిరిగి తిరిగి వచ్చే బొమ్మల వరస (సైకిల్) ఒకటే, వెనకాల ఆకాశం మాత్రం ఊదా, ఆకుపచ్చ, ఏ రంగు తోస్తే అది. అంతటితో ఆగలేదు, "రాకెట్ రాబిన్ హుడ్" అనే ఇంకో కార్టూన్ ఎపిసోడ్లలోని ఫుటేజ్ తీసుకుని అందులో స్పైడర్‌మ్యాన్‌ని ఇరికించి కొత్త ఎపిసోడ్ అన్నారు. "రివోల్ట్ ఇన్ ద ఫిఫ్త్ డైమెన్షన్" అలా పుట్టిందే. దీన్ని నేను సమర్థించను, చూస్తే తెలిసిపోతుంది, పిల్లలైనా పట్టేస్తారు. కానీ బద్ధకం కాదు, చేతిలో డబ్బుల్లేవు. పైగా ఆ వింత రంగుల ఆకాశాలు నాకు మాత్రం భలే ఇష్టం.

అపోహ: పాతవన్నీ శనివారం పొద్దుట వచ్చినవే

కాదు. ఫ్లైషర్ సోదరుల సూపర్‌మ్యాన్ 1941లో థియేటర్ల కోసం తీసింది, మొదటి దానికే దాదాపు 50,000 డాలర్లు ఖర్చు, దాన్నీ టీవీ కార్టూన్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం. జానీ క్వెస్ట్ 1964లో రాత్రి ప్రైమ్‌టైమ్‌లో మొదలైంది. కెప్టెన్ అమెరికా, హల్క్, థోర్ వగైరా ఉన్న 1966 మార్వెల్ సూపర్ హీరోస్ అసలు నెట్‌వర్క్ షోనే కాదు, స్థానిక స్టేషన్లకి విడిగా అమ్మారు, చాలాచోట్ల వారం మధ్యలో రోజూ వేసేవాళ్లు. అందులో అయితే కామిక్ పుస్తకంలోని బొమ్మనే జిరాక్స్ పద్ధతిలో సెల్ మీదకి ఎక్కించి, పెదవులో చెయ్యో కదిపి వదిలేశారు. యానిమేషన్‌గా చూస్తే నిరాశే. కానీ మార్వెల్ కామిక్స్ ఆర్టిస్ట్ జాక్ కిర్బీ గీసిన భంగిమలు గీసినవి గీసినట్టు టీవీలో కనిపించింది అక్కడే.

అపోహ: గొంతులు ఎవరో దొరికినవాళ్లతో చెప్పించారు

బొమ్మ కదలనప్పుడు కథని మోసేది సౌండే. 1966 సూపర్‌మ్యాన్‌కి గొంతు ఇచ్చిన బడ్ కాలియర్ 1940ల రేడియో నాటకాల్లోనూ, ఫ్లైషర్ కార్టూన్లలోనూ సూపర్‌మ్యాన్‌గా పలికినవాడే. లోయిస్ లేన్‌గా జోన్ అలెగ్జాండర్, వ్యాఖ్యాతగా జాక్సన్ బెక్, వాళ్లూ రేడియో రోజుల వాళ్లే. క్లార్క్‌గా సన్నటి గొంతుతో మొదలుపెట్టి "ఇది సూపర్‌మ్యాన్ చేయాల్సిన పని" అనే డైలాగ్‌లో చివరికొచ్చేసరికి కాలియర్ గొంతు కిందికి దిగి బరువెక్కుతుంది. మనిషి మారిపోయాడని చెప్పడానికి ఒక్క డ్రాయింగ్ కూడా అక్కర్లేదు. ఒక ఎపిసోడ్ బొమ్మ చూడకుండా వట్టి సౌండ్ వినండి, కథ మొత్తం అర్థమవుతుంది. అదే టామ్ అండ్ జెర్రీతో చేసి చూడండి, దబదబ శబ్దాలు తప్ప ఏమీ తెలియదు.

అపోహ: అప్పట్లో కూడా పని బయటి దేశాలకే పంపారు

హైదరాబాద్ స్టూడియోల్లో విదేశీ షోలకి ఇన్‌బిట్వీన్లు, క్లీనప్‌లు చేసి ఎదిగినవాళ్లం కాబట్టి అమెరికా కార్టూన్ అనగానే మనకి ఔట్‌సోర్సింగే గుర్తొస్తుంది. అరవైల్లో ఈ షోలు చాలావరకు లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోనే తయారయ్యాయి. ఫిల్మేషన్ అయితే తర్వాతి దశాబ్దాల్లో కూడా పని అమెరికా దాటనివ్వలేదని పేరు తెచ్చుకుంది. ఆ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన లూ షైమర్ చెప్పిన కథ ఒకటుంది: సూపర్‌మ్యాన్ హక్కులున్న కంపెనీ మనిషి స్టూడియో చూడ్డానికి వస్తున్నాడంటే, అప్పటికి సరైన స్టాఫే లేదట, తెలిసినవాళ్లని పిలిచి డెస్కుల దగ్గర కూర్చోబెట్టి పని జోరుగా నడుస్తున్నట్టు చూపించారట. ఆర్డర్ వచ్చింది. క్లయింట్ విజిట్ రోజు ఖాళీ సీట్లు నింపే అలవాటు మనం కనిపెట్టింది కాదన్నమాట.

అపోహ: తల్లుల సంఘం గోల చేసి వీటిని ఆపించింది

సగం నిజం. పెగ్గీ చారెన్ వాళ్లు ఆ సంఘాన్ని, అంటే యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్‌ని, మొదలుపెట్టింది 1968లో. కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌నీ, జూన్‌లో రాబర్ట్ కెనడీనీ కాల్చి చంపారు, హింస మీద ప్రభుత్వం ఏకంగా ఒక కమిషన్ వేసింది, గుద్దులాటల కార్టూన్లంటే నెట్‌వర్కులకి అప్పటికే టెన్షన్ పట్టుకుంది. దానికితోడు ఆ సీజన్‌లోనే ఫిల్మేషన్ తీసిన, పాటలు పాడే టీనేజర్ల కార్టూన్ ఆర్చీ షో హిట్ అయింది, అందులోంచి వచ్చిన "షుగర్, షుగర్" పాట 1969లో అమెరికా చార్టుల్లో నంబర్ వన్‌కి వెళ్లింది. అంటే విలన్‌ని కొట్టక్కర్లేదు, పాట పాడితే చాలు, డబ్బులొస్తాయి. 1969లో సీబీఎస్ స్కూబీ-డూ తెచ్చింది, తెచ్చిందెవరంటే సూపర్‌హీరోలని నెత్తిన పెట్టుకున్న ఆ సిల్వర్‌మన్నే, తీసింది హానా-బార్బెరానే.

1973లో సూపర్ ఫ్రెండ్స్ వచ్చేసరికి పరిస్థితి ఎంత మారిందంటే సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఉన్న షోలో ఎవరూ ఎవరినీ గుద్దరు, మంచి మాటలు చెప్పి పంపిస్తారు. రైటర్లకి బుర్ర లేక కాదు, నెట్‌వర్క్ పెట్టిన రూల్స్ అలాంటివి.

అపోహ: ఇప్పుడు వాటిని ఎవరూ ముట్టుకోరు

1994లో కార్టూన్ నెట్‌వర్కే "స్పేస్ ఘోస్ట్ కోస్ట్ టు కోస్ట్" అని ఒక టాక్ షో మొదలుపెట్టింది. 1966 నాటి స్పేస్ ఘోస్ట్ డ్రాయింగులే కత్తిరించి, కొత్త గొంతు పెట్టి, నిజమైన సెలబ్రిటీలని ఇంటర్వ్యూ చేయించారు. హీరో కుర్చీలో కదలకుండా కూర్చుని నోరొక్కటే ఆడిస్తుంటాడు, గెస్ట్ ఏదో చెబుతుంటే అలా చూస్తూ ఉండిపోతాడు, జోక్ పండేది అక్కడే. కంటిపాపలు లేని ఆ ముఖం కాకుండా ఇంకెవరి ముఖం పెట్టినా అంత బాగా కుదిరేది కాదు.