పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టెలు: అపోహలు - వాస్తవాలు

చిన్నప్పుడు ఆడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టెను మళ్లీ కొనుక్కోవాలన్న కోరిక చాలామందికి నలభై దాటాక పుడుతుంది. ఎనభైల్లో అమెరికాలో స్కూలుకెళ్లిన తెలుగు పిల్లల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. ఇప్పుడు ఈ పాత పెట్టెలు సేకరించడం, కొనేవాళ్లకు సరిచూసి పెట్టడం నా పని. ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: దీనికి బోర్డు అక్కర్లేదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తారో చెబుతారు, అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి.

అపోహ: ఎంత పాతదైతే అంత ఖరీదు.

ఎన్నేళ్ల నాటిదన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది ముఖ్యం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఈ ఆటను విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో టీఎస్ఆర్ సంస్థ 1974లో మొదటిసారి వెయ్యి పెట్టెలు మాత్రమే వేసింది. చెక్కలా కనిపించే కాగితం అంటించిన పెట్టె, లోపల మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు. అది నిజంగానే అరుదు. మనలో ఎక్కువమందికి గుర్తున్నది మాత్రం 1983 నాటి ఎర్రపెట్టె, లారీ ఎల్మోర్ వేసిన డ్రాగన్ బొమ్మతో వచ్చింది. అది లక్షల్లో అమ్ముడైంది, ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది. ఎవరైనా దాన్ని 'రేర్' అని చెప్పి ధర పెంచితే కొనకండి.

1981లో వచ్చిన 'ప్యాలెస్ ఆఫ్ ది సిల్వర్ ప్రిన్సెస్' అనే సాహసకథ పుస్తకం దీనికి మంచి ఉదాహరణ. బొమ్మల మీద కంపెనీలోనే అభ్యంతరం రావడంతో నారింజ రంగు అట్ట ప్రతులను వెనక్కి తీసుకున్నారు. మార్పులతో తిరగరాయించి, ఆకుపచ్చ అట్టతో మళ్లీ వేశారు. పేరు అదే, ఏడాది అదే. ఆకుపచ్చది ఎవరైనా కొనగలరు, నారింజది చూడటమే కష్టం.

అపోహ: 'ఫస్ట్ ఎడిషన్' అంటే మొదటి ముద్రణ.

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఇదే ఆటకు ఇంకా విస్తారమైన నియమాలతో వచ్చిన రూపం అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని మొదటి ఎడిషన్‌లో మాన్‌స్టర్ మాన్యువల్ 1977లో, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 1978లో, డంజన్ మాస్టర్స్ గైడ్ 1979లో వచ్చాయి. తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి. విగ్రహం కళ్లలోంచి రత్నాలు పెకిలిస్తున్న డేవిడ్ ట్రాంపియర్ బొమ్మ ఉన్న హ్యాండ్‌బుక్, 1983లో జెఫ్ ఈజ్లీ బొమ్మతో వచ్చిన హ్యాండ్‌బుక్, రెండూ ఫస్ట్ ఎడిషనే. కాబట్టి అట్ట ఫొటో ఒక్కటే చూసి డబ్బు పంపకండి, కాపీరైట్ పేజీ ఫొటో కూడా అడగండి.

1980 నాటి దేవతల పుస్తకం 'డెయిటీస్ అండ్ డెమిగాడ్స్' విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మొదట్లో అచ్చయినవి 144 పేజీలు, వాటిలో క్తుల్హు, మెల్నిబోనే అనే కల్పిత కథాలోకాల అధ్యాయాలు ఉంటాయి. తర్వాతివి 128 పేజీలు, ఆ రెండూ ఉండవు. కేసియం అనే మరో ఆటల కంపెనీ కోర్టుకెక్కి తీయించిందని అమ్మేవాళ్లు కథలు చెబుతారు. నిజానికి ఆ హక్కులున్న కేసియం, తమకు కృతజ్ఞతలు అచ్చు వేస్తే చాలని ఒప్పుకుంది. పోటీ కంపెనీ పేరు తమ పుస్తకంలో ఎందుకని టీఎస్ఆరే ఆ అధ్యాయాలు తీసేసింది.

మన ఇంద్రుడు, అగ్ని, వరుణుడు ఉన్న భారతీయ అధ్యాయం మాత్రం రెండింటిలోనూ ఉంది. ఇంట్లో భాగవతం వింటూ పెరిగిన పిల్లాడు ఆ పుస్తకం తెరిచి, ఇంద్రుడికి హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలడో చెప్పే అంకె) రాసి ఉండటం చూస్తే కలిగే ఆశ్చర్యం అంత తేలిగ్గా పోదు. మీకు కావలసింది ఆ జ్ఞాపకమే అయితే చవకైన 128 పేజీల ప్రతి చాలు. మాన్‌స్టర్ మాన్యువల్‌లో పులి తలతో పైపు కాలుస్తూ కూర్చున్న రాక్షసుడి సంగతీ అంతే: ఏ ముద్రణ కొన్నా ఉంటాడు. మన కథల్లో పులి తల రాక్షసుణ్ని నేను ఎక్కడా చూడలేదు కానీ ఆ బొమ్మంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

అపోహ: సీల్ తీయని పెట్టెలో మోసం ఉండదు.

ప్లాస్టిక్ చుట్టే మెషిన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. తెరిచిన పెట్టెను మళ్లీ చుట్టి 'కొత్తది' అని అమ్మడం ఈ రంగంలో పాత అలవాటు. అసలైన చుట్టు కూడా కాలం గడిచేకొద్దీ బిగుసుకుని పెట్టె మూలలు వంచేస్తుంది. లోపలివన్నీ విడివిడిగా ఫొటో తీసి చూపించిన తెరిచిన పెట్టెనే నేను ఎంచుకుంటాను.

అపోహ: పాచికలు లేకపోతే, లేదా వాటి అంకెలకు రంగు లేకపోతే, ఏదో లోపం ఉన్నట్టే.

పాత పాచికలకు అంకెలు చెక్కి వదిలేసేవారు, రంగు మనమే నింపుకోవాలి. ఎర్రపెట్టెలో అందుకోసం ఒక క్రేయాన్ ముక్క పెట్టేవారు. అంతకుముందు ఇరవై ముఖాల పాచిక మీద 0 నుంచి 9 వరకు రెండుసార్లు ఉండేది. సగం ముఖాలకు ఒక రంగు, సగానికి ఇంకో రంగు పులిమి పది దాటినవి గుర్తుపట్టేవాళ్లం. ఆ ప్లాస్టిక్ మెత్తన, ఆడిన కొద్దీ మూలలు అరిగిపోతాయి. అరిగిన పాచికలు నిజంగా ఆడినవాళ్ల చేతిలోంచి వచ్చాయి, వాటిని తీసి కొత్తవి పెట్టకండి. 1979లో పాచికల కొరత వచ్చి, కొత్తగా ఆడేవాళ్ల కోసం వేసిన బేసిక్ సెట్ పెట్టెలో వాటి బదులు అంకెలున్న అట్టముక్కలు ఇచ్చారు. ఆ ముక్కలున్న పెట్టె అసంపూర్తి కాదు.

అపోహ: పిల్లల రాతలుంటే పనికిరాదు.

అమ్మే ధర తగ్గుతుంది, నిజమే. కానీ పెట్టెలో పెన్సిలుతో గీసిన గుహల మ్యాపు, నింపిన పాత్రల కాగితాలు దొరికితే పారేయకండి. 1982లో ఒక పిల్లాడు తన వీరుడికి ఏం పేరు పెట్టాడో చెప్పే కాగితం ఇంకెక్కడా దొరకదు. రబ్బరుతో తుడిస్తే అచ్చు కూడా పోతుంది.

అపోహ: ప్లాస్టిక్ కవరు, నాలుగు నాఫ్తలీన్ గోలీలు ఉంటే భద్రం.

పీవీసీ కవర్లు కాలక్రమేణా అట్టకు అతుక్కుంటాయి. పాలీప్రొపిలీన్ లేదా మైలార్ కవర్లు వాడండి. నాఫ్తలీన్ ఆవిరికి పాలిస్టైరిన్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, అందుకే పాచికలూ ప్లాస్టిక్ బొమ్మలూ ఉన్న పెట్టెలో ఆ గోలీలు వేయకూడదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లకు ఈ పెట్టెలు తెచ్చుకునేవాళ్లు ముందు స్టేపుల్ పిన్నులు చూసుకోండి. తుప్పు మొదలయ్యేది అక్కడే. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మార్చండి.

అపోహ: మళ్లీ ఆడాలంటే అసలు ప్రతే కావాలి.

టీఎస్ఆర్ తర్వాత ఈ ఆటను వేస్తున్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 2012లో ఫస్ట్ ఎడిషన్ పుస్తకాలను, 2013లో 1974 నాటి ఆటను చెక్కపెట్టెలో మళ్లీ అచ్చు వేసింది. పిల్లలతో కూర్చుని ఆడటానికి అవి చక్కగా సరిపోతాయి. వాటినే పాతవని చెప్పి అమ్మజూపేవాళ్లూ ఉంటారు, కాబట్టి అక్కడ కూడా ముందు కాపీరైట్ పేజీ అడగండి.