పిల్లలపై వేధింపులు: నేను రోజూ వినే అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ బస్తీల్లో, బడుల్లో పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. తల్లిదండ్రుల మీటింగైనా, టీచర్ల శిక్షణైనా కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఆ మాటల వల్లే పిల్లలకు సాయం అందడం నెలల తరబడి ఆలస్యమవుతోంది.

అపోహ: ముక్కూ మొహం తెలియని వాళ్లతోనే ప్రమాదం. మగపిల్లాడికైతే ఆ భయమే లేదు.

ఒక తొమ్మిదేళ్ల బాబు సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి. ట్యూషన్ టైమ్ అయ్యేసరికి రోజూ కడుపునొప్పి అంటున్నాడని వాళ్లమ్మ తీసుకొచ్చింది. స్కానింగ్‌లో ఏమీ లేదు. బొమ్మ వెయ్యమంటే ఇల్లు వేశాడు, మెట్లు వేశాడు. పై మెట్టు గీస్తాడు, రబ్బరుతో చెరిపేస్తాడు, మళ్లీ గీస్తాడు. అక్కడ కాగితం చిరిగిపోయింది. మూడోసారి వచ్చినప్పుడు తల వంచుకునే అన్నాడు: "అన్న అందర్నీ పంపించి నన్నొక్కడినే ఉంచుతాడు. ఫోన్ ఇస్తాడు. నాకు ఫోన్ వద్దు." ఈ చివరి మాట ఇంట్లోనూ రెండుసార్లు చెప్పాడట. "ఫోన్ వద్దంటున్నాడని సంతోషించాను మేడమ్" అంటూ ఆ తల్లి ఏడ్చింది. ట్యూషన్ చెప్పే ఆ అన్న అంటే బస్తీలో అందరికీ గౌరవమే.

2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. వేధించిన వాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ కేసులు బయటపడ్డ రాష్ట్రాల్లో ఒకటి. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కూడా ఆడపిల్ల, మగపిల్లాడు అనే తేడా చూడదు.

అపోహ: పిల్లలు కల్పించి చెప్తారు, ముందు మనం ఆరా తీసి నిర్ధారించుకోవాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మంచి మనసున్న టీచర్లే ఈ పొరపాటు చేస్తారు. క్లాస్ టీచర్ అడుగుతుంది, తర్వాత హెడ్ మాస్టర్ గదిలో, తర్వాత అమ్మానాన్నల ముందు. అడిగిందే అడుగుతుంటే తన మాట నమ్మలేదని బిడ్డకు అర్థమవుతుంది. నాలుగోసారికి "ఏం లేదు టీచర్" అనేస్తుంది. ఇంకొన్ని చోట్ల నిందితుణ్ణి పిలిపించి బిడ్డకు ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు, పెద్దమనుషుల్లో పెడతారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

ఆరా తీయడం పోలీసుల పని. అనుమానం వచ్చినా సరే సమాచారం ఇవ్వాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యులైతే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు అదే చట్టం రక్షణ ఇస్తుంది.

బిడ్డ నోరు విప్పినప్పుడు పక్కన కూర్చోండి. "చెప్పి మంచి పని చేశావు నాన్నా, ఇందులో నీ తప్పేం లేదు" అనండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు పెట్టొద్దు, మీరు చెప్పక తప్పదు కాబట్టి. తర్వాత బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసి, తేదీ వెయ్యండి. శరీర భాగాలకు బిడ్డ వాడిన పేరే రాయండి, మర్యాదగా ఉంటుందని మార్చకండి.

అపోహ: కేసు పెడితే స్టేషన్ చుట్టూ తిప్పుతారు, పరువు పోతుంది.

బిడ్డ స్టేట్‌మెంట్ ఇంట్లో గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ తీసుకోవాలి. వచ్చే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంత వరకు ఎస్సై స్థాయి మహిళ రావాలి. పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టడం నేరం. హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. స్టేట్‌మెంట్, వైద్య పరీక్ష, కౌన్సెలింగ్, న్యాయ సహాయం అక్కడే దొరుకుతాయి. ఆస్పత్రి వాళ్లు ఎఫ్ఐఆర్ ఉంటేనే చికిత్స చేస్తామనడానికి వీల్లేదు. జరిగి ఎక్కువ సేపు కాకపోతే స్నానం చేయించకుండా తీసుకెళ్లండి. బట్టలు ఉతకొద్దు, కాగితపు కవర్లో పెట్టండి. వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగించాలని చట్టం అంటుంది. చాలా కేసులు అంతకన్నా లాగుతాయి, ఆ సంగతి నేను కుటుంబాల దగ్గర దాచను.

అపోహ: నాలుగు తగిలిస్తేనే దారికొస్తారు.

బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. పిల్లల సంరక్షణ చూసేవాళ్లు వాళ్ల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది.

అపోహ: నిర్లక్ష్యం పేదవాళ్ల ఇళ్లలోనే ఉంటుంది.

బిడ్డను గదిలో పెట్టి తాళం వేసి నాలుగిళ్లలో పాచిపనికి పోయే తల్లి నాకు తెలుసు. ఆమెకు కావాల్సింది చుట్టుపక్కల ఒక అంగన్‌వాడీ. అర్హత ఉంటే పిల్లల కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం. అదే ఊళ్లో ఆదివారం హోటల్‌కు వెళ్తే, కుటుంబమంతా బిర్యానీ తింటుంటే పక్కన నిలబడి వాళ్ల చంటిబిడ్డను ఎత్తుకున్న పదేళ్ల పిల్ల కనిపిస్తుంది. "మా ఊరి పిల్లే, మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం" అంటారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం నేరం.

అలాంటి పిల్ల కంటపడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. కాల్ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. బిడ్డ ఎక్కడుంది, వయసెంత ఉండొచ్చు, మీరేం చూశారు, ఇప్పుడు ప్రమాదంలో ఉందా, ఇవి చెప్పండి. మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే అనండి. ఫ్లాట్ నంబర్ తెలియకపోయినా అపార్ట్‌మెంట్ పేరు, బ్లాక్, ఆ పిల్ల కిందికి దిగే వేళ చెబితే వెతకడానికి పనికొస్తుంది.