పోలిక ఎటునుంచి మొదలవుతుంది?

"వాడు పశువులా ప్రవర్తించాడు" అంటాం. వాడు చేసింది ఏ పశువూ చేయని పనే అయినా సరే, తిట్టడానికి మాత్రం పశువే కావాలి. మనిషి కూడా జంతువేనని బడిలో అందరం చదువుకున్నాం. 1758లోనే, జీవుల్ని వర్గాలుగా విడదీసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మనల్నీ కోతుల్నీ కలిపి ప్రైమేట్లు అనే ఒకే వర్గంలో పెట్టాడు. 2005లో చింపాంజీ జన్యుపటాన్ని మనదాని పక్కన పెట్టి చూస్తే, పోల్చడానికి వీలైన డీఎన్ఏ అక్షరాల్లో తేడా 1.2 శాతం దగ్గర తేలింది. అయినా "నువ్వూ జంతువువే" అని ఎవరైనా అంటే మనసు చివుక్కుమంటుంది.

దీని వెనక చావు భయం ఉందని కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అంటారు. జేమీ గోల్డెన్‌బర్గ్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి ముందుగా తమ మరణాన్ని గుర్తుచేశారు. ఆ తర్వాత వాళ్లకు, మనిషి జంతువులకంటే వేరని చెప్పే వ్యాసమే ఎక్కువ నచ్చింది. జంతువు చస్తుంది, కుళ్లిపోతుంది. మన గతీ అంతే అనుకుంటే టెన్షన్ రాక మానదు.

ఆ టెన్షన్ దాటి "అవును, నేనూ జంతువునే" అని ఒప్పుకున్నవాడికి జంతువుల మీద దయ పెరుగుతుందా? పెరుగుతుందనే నేను చాలాకాలం నమ్మాను. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాక్ బాస్టియన్, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన మూడు అధ్యయనాలు చదివాక ఆ నమ్మకం మార్చుకోవాల్సి వచ్చింది. వాళ్లు ఒకే పోలికను రెండు వైపుల నుంచి చూపించారు. మనిషి జంతువులాంటివాడు అనేది ఒకటి, జంతువు మనిషిలాంటిది అనేది ఇంకొకటి. వినడానికి రెండూ ఒకటే. కానీ జంతువులు మనలాంటివని ఆలోచించినవాళ్లలోనే వాటి మంచిచెడ్డల పట్ల పట్టింపు పెరిగింది. మనిషి జంతువులాంటివాడని ఆలోచించినవాళ్లలో ఆ మార్పు కనిపించలేదు. నన్ను ఇంకా కదిలించిన సంగతి ఏమిటంటే, పోలికను ఎటునుంచి చెప్పారన్నదాన్ని బట్టి, సమాజం పక్కకు నెట్టేసిన మనుషుల పట్ల పట్టింపు కూడా మారింది.

ఎందుకిలా? నాకు తోచింది చెబుతాను. మనిషిని జంతువు పక్కకు తీసుకెళ్తే గుర్తొచ్చేవి ఆకలి, కామం, కొట్లాట. "సింహం జింకను చంపడం లేదా, మనం చంపితే తప్పేంటి?" అనే వాదన అక్కడే పుడుతుంది. జంతువును మన పక్కకు తెచ్చుకుంటే మాత్రం గుర్తొచ్చేవి దాని నొప్పి, దాని భయం, పిల్లల మీద దాని మమకారం.

చేపనే చూడండి. అరవదు, ముఖం చిట్లించదు. అందుకే దానికి నొప్పేమిటని తేలిగ్గా అనేస్తాం. 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో శాస్త్రవేత్త లిన్ స్నెడన్ బృందం కొన్ని రెయిన్‌బో ట్రౌట్ చేపల పెదవుల్లోకి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌కి పులుపునిచ్చే పదార్థం, ఎక్కించారు. వాటి మొప్పలు వేగంగా కొట్టుకున్నాయి. చాలాసేపటిదాకా మేత ముట్టలేదు. తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకు పెదవులు రుద్దుకున్నాయి. మార్ఫిన్ ఇచ్చినప్పుడు ఈ లక్షణాలు తగ్గాయి. మోకాలికి దెబ్బ తగిలితే మనమూ రుద్దుకుంటాం కదా. చేప ఆ నొప్పిని ఎలా అనుభవిస్తుందన్న దానిపై శాస్త్రవేత్తల వాదన ఇంకా సాగుతూనే ఉంది. నాకు మాత్రం ఆ గులకరాళ్ల సంగతి చాలు. బ్రిటన్ 2022లో చేసిన చట్టం పీతల్నీ, రొయ్యల్నీ, ఆక్టోపస్‌లనీ కూడా బాధ తెలిసిన జీవులుగానే లెక్కించింది.

అయితే పోలికను పక్కకు పెట్టాల్సిన చోటు కూడా ఒకటుంది. పళ్లు బయటపెట్టిన చింపాంజీ ఫొటో చూసి నవ్వుతోందని మురిసిపోతాం. చాలాసార్లు అది భయంతో పెట్టిన ముఖం. కుక్క విషయంలోనూ ఇంతే. తప్పు చేసిన కుక్క తల వంచుకుని, చూపు పక్కకు తిప్పుకుంటుందని పెంచుకునేవాళ్లందరూ చెబుతారు. కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో దీన్ని పరీక్షించారు. తినొద్దని చెప్పి యజమాని గదిలోంచి వెళ్లిపోయాక, కుక్క నిజంగా తిన్నా తినకపోయినా, తిన్నదనే కొందరు యజమానులతో చెప్పారు. కుక్క తిన్నా తినకపోయినా, యజమాని కసిరినప్పుడు ఆ "తప్పు చేసిన" ముఖం ఎక్కువగా కనిపించింది. ఏ పాపమూ ఎరగని కుక్క తిట్లు తిన్నప్పుడే అది మరీ ఎక్కువగా కనిపించింది.