ఏసీ థర్మోస్టాట్‌కి తెలిసే వేడి ఎక్కడిది? గోదావరి ఇళ్లలో వినే అపోహలు, అసలు సంగతులు

రోహిణి కార్తె వచ్చిందంటే ఏసీ పని చేసేవాళ్ల ఫోన్లకు తీరిక ఉండదు. అమలాపురమైనా, పాలకొల్లైనా, భీమవరమైనా కంప్లైంటు ఒకటే: “కూలింగ్ రావట్లేదండి, గ్యాస్ అయిపోయినట్టుంది.” వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో గ్యాస్ సరిగ్గానే ఉంటుంది, కంప్రెసర్ నిక్షేపంగా ఉంటుంది. తేడా గది వేడి చూసి ఏసీని ఆపే, మళ్లీ నడిపే థర్మోస్టాట్ దగ్గరుంటుంది. దాని గురించి ఎవరూ అడగరు, షాపులో ఎవరూ చెప్పరు.

స్ప్లిట్ ఏసీలో ఈ పని చేసేది ఒక సెన్సర్. ఇండోర్ యూనిట్ మూత తీసి ఫిల్టర్లు లాగితే, గాలిని చల్లబరిచే కాయిల్ ముందు చిన్న ప్లాస్టిక్ క్లిప్పులో శనగగింజంత ఉంటుంది. దాన్ని తాకుతూ లోపలికి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో అంతవరకే దానికి తెలుసు. మంచం మీద పడుకున్న మీకు ఎలా ఉందో దానికి తెలియదు.

“పదహారులో పెడితే గది తొందరగా చల్లబడుతుంది”

పడదు. రిమోట్ మీద అంకె ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప ఎంత వేగంగా పోవాలో చెప్పదు. మామూలు ఏసీలో కంప్రెసర్‌కి ఒకటే స్పీడు. 24 పెట్టినా, 16 పెట్టినా గది 34 నుంచి 24కి దిగడానికి పట్టే టైము అంతే. ఇన్వర్టర్ ఏసీ కూడా గది బాగా వేడిగా ఉన్నప్పుడు ఎలాగూ ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది, పెట్టిన అంకెకి దగ్గరపడ్డాకే నెమ్మదిస్తుంది. పదహారు పెట్టి నిద్రపోతే దానికి నెమ్మదించే అవకాశమే రాదు. అర్ధరాత్రి దుప్పటి వెతుక్కోవడం, నెలాఖరుకి బిల్లు చూసి టెన్షన్ పడటం, మిగిలేది అదే. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించేలా రావాలన్న నిబంధన అందుకే.

“డిస్‌ప్లేలో 24 ఉందంటే గదిలో 24 ఉన్నట్టే”

చాలా మోడళ్లలో అక్కడ కనిపించేది మీరు అడిగిన అంకె, గదిలో ఉన్న వేడి కాదు. గదిలో ఎంతుందో సెన్సర్ చెప్పాలి, అది చెప్పేది అది కూర్చున్న చోటి సంగతి.

మా వైపు పాత మండువా ఇళ్లు, పెంకుటిళ్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఎత్తైన గదులు. “పైన పెడితే చల్లగాలి కిందకి దిగుతుంది కదండీ” అని పన్నెండడుగుల ఎత్తున ఇండోర్ బిగించమంటారు. చల్లగాలి దిగే మాట నిజమే. కానీ వేడిగాలి పైకి చేరేదీ అక్కడికే. కింద మీరు వణుకుతుంటారు, పైన సెన్సర్‌కి ఇంకా వేడిగానే ఉంటుంది, కంప్రెసర్ ఆగదు. ఏడున్నర, ఎనిమిదడుగుల ఎత్తు చాలు. పెంకుల సందుల్లోంచి బయటి గాలి దిగుతుంటే మాత్రం ముందు కింద సీలింగ్ వేయించుకోండి, ఏసీ తర్వాత కొనొచ్చు.

డాబా ఇళ్లలో గొడవ ఇంకోలా ఉంటుంది. కింద ఫ్రిజ్, దాని పైన ఇండోర్: ఫ్రిజ్ వేడి పైకి లేచి సెన్సర్‌కే తగులుతుంది. లేదంటే ఇండోర్‌కి రెండడుగుల దూరంలో బీరువా, దాని మీద పెట్టెలు. బీరువాకి కొట్టుకున్న చల్లగాలి వెనక్కి తిరిగి మళ్లీ ఏసీలోకే వెళుతుంది. గది చల్లబడిపోయిందనుకుని సెన్సర్ కంప్రెసర్‌ని కట్ చేస్తుంది. అవతల మంచం దగ్గర చెమటలు. దానికి గ్యాస్ ఎంత కొట్టించినా లాభం లేదు. అలాగే సాయంత్రం దాకా ఎండ కాగే పడమటి గోడకి ఇండోర్ వద్దు. గోడ వేడి సెన్సర్‌ని అయోమయంలో పడేస్తుంది.

ఇంకొకటి. వాటర్ సర్వీసు చేయించిన మర్నాటి నుంచి ఏసీ రెండు మూడు నిమిషాలకే కట్ అవుతోందంటే ముందు ఆ క్లిప్పు చూడండి. కాయిల్ కడిగేటప్పుడు సెన్సర్‌ని పక్కకి లాగి, తిరిగి క్లిప్పులో పెట్టకుండా మూత వేసేస్తుంటారు. అది వెళ్లి చల్లటి కాయిల్‌ని ఆనుకుంటుంది. గదిలో 32 ఉన్నా దానికి మంచులా ఉంటుంది. బోర్డు పోయిందని వేలల్లో బిల్లు చెప్పేముందు ఆ తీగ ఎక్కడుందో చూపించమని అడగండి. మొహమాటపడొద్దు.

రిమోట్‌లోనే సెన్సర్ ఉన్న మోడళ్లు కూడా ఉన్నాయి. కొన్ని నిమిషాలకోసారి రిమోట్ తన దగ్గరి వేడిని ఏసీకి పంపిస్తుంది. మంచి సదుపాయమే, కాకపోతే రిమోట్ ఏసీకి ఎదురుగా, కనబడేట్టు ఉండాలి. దిండు కింద పెడితే అది పంపేది ఏసీకి చేరదు.

“గ్యాస్ ఏటా నింపించాలి”

అక్కర్లేదు. అది మూసేసిన పైపుల్లో తిరుగుతుంది, వాడితే అరిగేది కాదు. తగ్గిందంటే లీకు ఉన్నట్టే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి కాయిల్స్‌ని తొందరగా తినేస్తుంది కాబట్టి అక్కడ లీకులు ఎక్కువ. లీకు పట్టకుండా గ్యాస్ కొట్టించడం దండగ.

“ఒక టన్ను ఎక్కువైనా పర్లేదు, పెద్దదే బిగించండి”

డెల్టాలో ఎక్కువ నష్టం చేసే మాట ఇదేనని నా అభిప్రాయం. మనల్ని బాధించేది ఎండ ఒక్కటే కాదు, ఉక్క. చుట్టూ కాలవలు, చేలు, చేపల చెరువులు, అవతల సముద్రం. గాలిలో తేమ పోవాలంటే కాయిల్ మీదుగా గాలి చాలాసేపు తిరగాలి. 10×12 అడుగుల గదిలో 2 టన్నుల మిషన్ పెడితే గాలిని గబగబా చల్లబరిచేసి, సెన్సర్ చూసి ఆగిపోతుంది. తేమ గదిలోనే ఉంటుంది. పైగా ఫ్యాన్ మాత్రం తిరుగుతూ తడి కాయిల్ మీది నీళ్లని మళ్లీ గదిలోకే ఊదుతుంది. 23 చూపిస్తున్నా దుప్పటి జిగటగా, బట్టల బీరువాలో ముక్కిన వాసన.

ఆ సైజు గదికి మామూలుగా 1 టన్ను సరిపోతుంది. పైన ఎండ తగిలే స్లాబు, పడమటి గోడ రెండూ ఉంటే 1.5 తీసుకోండి. తేమ లాగుతోందో లేదో తెలుసుకోవాలంటే డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి. వర్షాకాలం రాత్రి నీళ్లు ధారగా కాకపోయినా ఆగకుండా పడుతుండాలి. ఆగస్టు, సెప్టెంబరులో గోదారికి వరదొచ్చే రోజుల్లో బయటే 28 ఉంటుంది, సెన్సర్‌కి పెద్దగా పని కనబడదు. అప్పుడు అంకె తగ్గించుకుంటూ పోకుండా తేమ లాగే డ్రై మోడ్ నొక్కండి. రిమోట్ మీద ఆ గుర్తు ఉందని కూడా చాలామందికి తెలియదు.

“ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ వేయకూడదు”

వేయొచ్చు. తలుపులు మూసి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే 26లో కూడా హాయిగా ఉంటుంది.

“మావాడు అమెరికా నుంచి థర్మోస్టాట్ తెచ్చాడు, బిగించెయ్యండి”

ఈ మధ్య ఊళ్లలో కట్టే పెద్ద ఇళ్లలో ఫాల్ సీలింగ్ పైన, గొట్టాల్లోంచి గదులకి చల్లగాలి పంపే డక్ట్ ఏసీలు పెడుతున్నారు, గోడకి థర్మోస్టాట్ వస్తోంది. విదేశాల్లో ఉన్న పిల్లలు ముచ్చటపడి అక్కడిదే తెస్తారు. అక్కడి ఇళ్లలో అది ఎక్కువగా 24 వోల్టుల తీగల మీద పనిచేస్తుంది. మన డక్ట్ మిషన్లలో చాలావాటికి కంపెనీ ఇచ్చే వైరు రిమోటే ఉంటుంది, దాని భాష వేరు. మధ్యలో సరైన అడాప్టర్ లేకుండా కలిపితే బోర్డు కాలే ప్రమాదం ఉంది. మిషన్ కొన్న కంపెనీదే తీసుకోండి.

పెట్టే చోటు మాత్రం ఏ దేశమైనా ఒకటే: లోపలి గోడకి, నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తున, మనుషులు ఎక్కువగా కూర్చునే గదిలో. చలిదేశాల్లో రేడియేటర్ పక్కన పెడితే ఇల్లు వేడెక్కకముందే బాయిలర్ ఆగిపోతుంది. ఇక్కడ చల్లగాలి వచ్చే గ్రిల్ కింద పెడితే ఇల్లు చల్లబడకముందే ఏసీ ఆగిపోతుంది. వంటగది గుమ్మం పక్కన పెడితే అసలు ఆగదు. టీవీ వెనక, దేవుడి గూట్లో దీపం పక్కన, కిటికీ ఎండ పడే చోట కూడా వద్దు.

ఎలక్ట్రీషియన్‌తో చెప్పాల్సింది ఇంకొకటుంది. థర్మోస్టాట్ వెనక వైరు పైపు నేరుగా సీలింగ్ పైకి వెళుతుంది. అక్కడి వేడిగాలి ఆ పైపులోంచి దిగి సరిగ్గా సెన్సర్ వీపు మీద పడుతుంది. డబ్బా బిగించేముందు ఆ పైపు మూతిని గట్టిపడని మెత్తటి పుట్టీతో మూసేయమనండి.